మబ్బు రోజుల తిమ్మిరి

మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకునే కథ ఇది. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఈవిడకి బుద్ధి లేక బేస్ గిటారు మెడలో తగిలించుకుంది, భుజం పాడు చేసుకుంది, వేళ్లకి తిమ్మిరి తెచ్చుకుంది, చివరికి కాళ్ల కింద పీట వేసుకుని పద్ధతిగా కూర్చోవడం నేర్చుకున్నాక బాగుపడింది. చుట్టాలెవరొచ్చినా కాఫీతో పాటు ఈ కథ కూడా చేతికి అందుతుంది. నేను మధ్యలో నోరు తెరుస్తాను. "అదిగో, మొదలెట్టింది" అంటారు మావారు.

మొదలెడతాను. ఎందుకు మొదలెట్టకూడదు? ఆ కథలో భుజం సంగతి నిజం. మిగతాదంతా అబద్ధం. ఉత్త అబద్ధమే అయితే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. అది మా అత్తగారి ప్రాణం మీదికి తెచ్చిన అబద్ధం.

బేస్ గిటారంటే నాలుగు లావుపాటి తీగల గిటారు. పాట వినేవాళ్లకి దాని గొంతు విడిగా తెలియదు. అది ఆగిపోతే మాత్రం పాటలో ఏదో కూలిపోయినట్టు అందరికీ తెలుస్తుంది. రాజమండ్రిలో డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ ఆర్కెస్ట్రాలో వాయించాను. పెళ్లయ్యాక ఇరవై ఆరేళ్లు ముట్టుకోలేదు. ఇప్పుడు భీమవరంలో ఒక జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. తోటి లెక్చరర్లు ముగ్గురూ నేనూ కలిసి వార్షికోత్సవానికి పాడదామని అనుకున్నాం. ఆ మాట మీద, నరసాపురంలో మూతపడుతున్న పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర పాత బేసునీ, దాని ఆంప్లిఫయర్నీ కొని ఆటోలో వేసుకుని వచ్చాను.

"మెడకి ఆ గుదిబండేంటే?" అన్నారు అత్తగారు గుమ్మంలోనే.

"నాలుగున్నర కిలోలండి. ఇరవై ఏళ్లు నీళ్ల బిందెలు మోశాను, అప్పుడెవరూ నా మెడ గురించి అడగలేదు."

"బిందె మోస్తే ఇంట్లోకి నీళ్లొచ్చాయి. ఇది మోస్తే ఏమొస్తుంది?"

నెల తిరక్కుండానే భుజం నొప్పి వచ్చింది. ఒప్పుకుంటాను. సన్నటి నైలాన్ పట్టీ ఎడమ భుజాన్ని కోసేది. వేళ్లు ఎక్కడ పడుతున్నాయో చూసుకోవడానికి వంగి వంగి నడుము పట్టేసేది. భీమవరంలో ఫిజియోథెరపీ చేసే ఒకమ్మాయి నన్ను గిటారుతో సహా రమ్మని, కూర్చోబెట్టి, వాయించమని చూసింది.

"మేడమ్, మీరు వాయించట్లేదు. దాన్ని పీక పట్టుకుని పిసుకుతున్నారు" అంది.

ఆ అమ్మాయి చెప్పినవన్నీ చేశాను. అరచేతంత వెడల్పు తోలుపట్టీ కుట్టించాను. నిలబడటం మానేసి కుర్చీలో కూర్చున్నాను. గిటారు మెడని పైకెత్తి పట్టాను, అప్పుడు ఎడమ మణికట్టు వంగక్కర్లేదు. బొటనవేలితో వెనకనుంచి నొక్కడం మానేశాను. పావుగంటకొకసారి లేచి, భుజాలు వెనక్కి తిప్పి, మళ్లీ కూర్చున్నాను. ఉగాది నాటికి భుజం నాది నాకొచ్చేసింది.

ఆ తర్వాత మొదలైంది తిమ్మిరి. ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, కాలేజీ నుంచి వచ్చి వాయిస్తుంటే, ఎడమ చేతి వేళ్ల కొసల నుంచి మోచేతి దాకా సన్నగా చీమలు పాకినట్టయింది. నొప్పి కాదు. చర్మం లోపల ఎవరో పళ్లు కొరుకుతున్నట్టు. మర్నాడు లేదు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది. ఆ రోజు మబ్బు పట్టి ఉంది.

మా ఇల్లు ఊరి చివర. పెరటి గోడ అవతలే మా చిన్న రొయ్యల చెరువు, గట్టు మీద మోటార్ల షెడ్డు. అదంతా మా మరిది చూసుకుంటాడు. నా తిమ్మిరి గురించి ఆ రాత్రి భోజనాల దగ్గర చెబితే, అందరికంటే ముందు మాట్లాడింది అతనే.

"ఆ గిటారు మానేయండి వదినగారూ. నరాల మీద పడితే మళ్లీ రాదండి."

"మబ్బు పట్టినప్పుడు కీళ్లు, నరాలు గుంజుతాయి. నాకు తెలీదా?" అన్నారు అత్తగారు. "నాకూ తెల్లారగట్ల కుళాయి తిప్పితే చెయ్యి జిల్లుమంటోంది. నేనేం గిటారు వాయిస్తున్నానా? వయసే!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. అప్పటి నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు నోరు చేదెక్కుతుంది.

మెడ డాక్టరు దగ్గరికి వెళ్లాను. స్కాన్ తీసి, మెడ ఎముకల మధ్య కొద్దిగా అరుగుదల ఉంది, ఈ వయసుకు మామూలే అన్నాడు. మాత్రలు రాశాడు. రెండు నెలల్లో తిమ్మిరి తగ్గకపోతే ఆ వాయిద్యం పూర్తిగా మానేయాలన్నాడు. ఇరవై ఆరేళ్ల తర్వాత చేతికొచ్చింది, రెండు నెలల్లో పోతుందన్నమాట. ఆ రోజు నుంచి నేను ఆకాశం వైపు చూసి గాని గిటారు తీసేదాన్ని కాదు. ఎండ కాస్తే చెయ్యి నాది. మబ్బు వేస్తే చెయ్యి నాది కాదు.

ఆ ఎండాకాలంలో మా ఇంట్లో ఇంకో రెండు మార్పులు వచ్చాయి. రెండూ చూశాను, ఒక్కదాని గురించీ ఆలోచించలేదు. మా అన్నానికి అలవాటైన వీధికుక్క ఒకటి ఏటా ఎండలకి పెరట్లో కుళాయి కింద తడి గచ్చు మీద పడుకునేది. ఆ ఏడు గచ్చు దాకా వచ్చి, ఒక కాలు పెట్టి, తీసేసి, వెళ్లి మట్టిలో పడుకునేది. రెండోది మా మరిది. చెరువు నుంచి వచ్చి ఆ కుళాయి దగ్గరే కాళ్లు కడుక్కునేవాడు. ఆ ఏడు గోడ పక్కనున్న ప్లాస్టిక్ డ్రమ్ములో మగ్గు ముంచి కడుక్కోవడం మొదలెట్టాడు. నీళ్లు పొదుపు చేస్తున్నాడనుకున్నాను. మెచ్చుకున్నాను కూడా.

ఫిజియో అమ్మాయిని మళ్లీ అడిగితే, పాదాలు నేల మీద సరిగా ఆనక నడుము జారుతోందేమో, రెండు కాళ్లూ పట్టేంత వెడల్పు చెక్క పీట వేసుకోమంది. అంత పీట మా ఇంట్లో ఒకటే ఉంది. అత్తగారి పెళ్లిపీట. అటక మీంచి దింపాను.

"పెళ్లిపీట మీద కాళ్లు పెడతావుటే!"

"మీరు కూర్చున్నారు కదండి దాని మీద. కాళ్లు కూర్చోకూడదా?"

"నోరు, నోరు! ఆ నోటికి తిమ్మిరి రాదేం?"

పీట వేశాక తిమ్మిరి పోయింది. మబ్బు రోజుల్లో కూడా పోయింది. ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నారు. కూర్చోవడం రాక తెచ్చుకున్న జబ్బని తేల్చేశారు. నేను కూడా నమ్మాను, ఎందుకు అబద్ధమాడాలి? వాదించడానికి పేరు మోసినదాన్ని, నాకు సుఖంగా ఉన్నచోట మాత్రం ఒక్క ప్రశ్న వేయలేదు. నా చెయ్యి నెలల తరబడి ఏదో చెబుతూ వచ్చింది. పీట వేసి దాని నోరు మూసేశాను.

మూడు వారాలకి, తెల్లవారుజామున, అత్తగారు కుళాయి దగ్గర పడిపోయారు. ముంజేయి ఎముక విరిగింది. గచ్చు నాచు పట్టిందన్నారు, కాలు జారిందన్నారు. ఆవిడ మాత్రం కట్టు కట్టించుకుని వచ్చాక మంచం మీద కూర్చుని మెల్లగా అన్నారు.

"జారలేదే అమ్మాయ్. కుళాయి నా చెయ్యి పట్టుకుంది. వదల్లేదు. నేనే వెనక్కి పడ్డాను."

"కళ్లు తిరిగుంటాయమ్మా" అన్నారు మావారు.

మరిది గుమ్మంలో నిలబడి విన్నాడు.

కళ్లు తిరగడం కాదు, పెళ్లిపీటకి కాళ్లు తగిలించిన పాపమని ఆవిడే ఒక నిర్ణయానికి వచ్చారు. పీట కడిగి, పసుపు రాసి, అటకెక్కించేశారు. చెయ్యి విరిగిన మనిషితో వాదించడం నా వల్ల కూడా కాలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పీట లేకుండా కూర్చున్నాను. అప్పుడే తడిగుడ్డ పెట్టిన గచ్చు, చల్లగా ఉంది, ఉత్త పాదాలు. ఎండ బాగా కాస్తోంది. చెయ్యి బాగానే ఉంది. పది నిమిషాల తర్వాత గదిలో వెలుగు తగ్గింది. గోడ అవతల చెరువులో, నీళ్లు చిలికి గాలి కలిపే మోటారు చక్రాలు తిరగడం మొదలైంది. రొయ్యలు పెంచే ఇళ్లలో ఆ చప్పుడు ఎవరూ వినరు, గడియారం చప్పుడులా. రాత్రంతా తిరుగుతాయి. పగలైనా మబ్బు పడితే నీళ్లలో గాలి తగ్గుతుంది కాబట్టి వేస్తారు. వెంటనే నా వేళ్లలో చీమలు. రెట్టింపు.

కదలకుండా కూర్చున్నాను. భుజం తిన్నగానే ఉంది. మణికట్టు తిన్నగానే ఉంది. అన్నీ ఆ అమ్మాయి చెప్పినట్టే ఉన్నాయి. మబ్బు విడిపోయింది. చక్రాలు ఆగాయి. చీమలు ఆగాయి. ఒక్క క్షణంలో, దీపం ఆర్పినట్టు.

ఏ నరం ఒక్క క్షణంలో బాగుపడుతుంది?

"ఏమండీ! షెడ్డులోకెళ్లి మోటార్లు వేసి ఆపండి."

"ఎందుకు? ఎండ కాస్తోందిగా."

"వేయండి, చెబుతాను!"

గొణుక్కుంటూ వెళ్లి వేశారు. వచ్చింది. ఆపారు. పోయింది. మళ్లీ వేయించి, ఆయన్నే పిలిచి, చెప్పులు విప్పించి తీగల మీద చెయ్యి పెట్టమన్నాను. పెట్టి, వెనక్కి లాక్కుని, నా మొహం వైపు చూశారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాతో వాదించకుండా ఒప్పుకున్నది అదొక్కటే. ఇద్దరం ఒక్కసారే పెరటి వైపు చూశాం. అత్తగారు తిన్న పళ్లెం ఎడమచేత్తో పట్టుకుని కుళాయి దగ్గరికి వెళుతున్నారు. షెడ్డులో మోటార్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

"అత్తయ్యగారూ! ముట్టుకోకండి!"

నా గొంతు ఊరంతా విందట. ఆవిడ ఉలిక్కిపడి పళ్లెం వదిలేశారు. పళ్లెం వెళ్లి గచ్చు మీద గుండ్రంగా తిరిగి పడింది.

మర్నాడు భీమవరం నుంచి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. కుళాయికి మీటరు పెట్టి చూసి, అందర్నీ గచ్చు మీంచి దిగిపొమ్మన్నాడు. తర్వాత పెరట్లో ఎర్త్ గొయ్యి తవ్వించాడు. ఉప్పు, బొగ్గు వేసి ఇనప గొట్టం పాతి పెడతామే, అది. ఇంట్లో కరెంటు ఎక్కడైనా బయటపడితే నేలలోకి పంపేయడానికి. ఆ గొట్టానికి మా ఇంటి తీగతో పాటు ఇంకో నల్ల తీగ చుట్టి ఉంది. అది గోడ కింద నుంచి షెడ్డులోకి వెళుతోంది.

"షెడ్డుకి న్యూట్రల్, అంటే కరెంటు తిరిగెళ్లే తీగ, పోతే దీనికి కలిపేశారండి. మోటార్ల నుంచి తిరిగొచ్చే కరెంటంతా ఈ గొట్టంలోకి వస్తోంది. నేల తాగినంత తాగుతుంది, మిగిలింది మీ ఇంట్లో ఇనుముకి ఎక్కుతుంది. కుళాయి, ఫ్రిజ్జు, ఆంప్లిఫయర్ గుండా అమ్మగారి గిటారు తీగలు, అన్నిటికీ. దానంతటది చుట్టుకున్నది కాదండి ఇది."

మరిది తల దించుకున్నాడు.

"ఎండాకాలం మొదట్లో ఒక సాయంత్రం తీగ తెగిపోయిందండి వదినగారూ. రొయ్యలు పైకి తేలిపోతున్నాయి. గంట ఆగితే మొత్తం చెరువు పోయేది. ఆ పూటకని కట్టాను. తర్వాత మర్చిపోయానండి."

"పోనీలే, మర్చిపోయాడు. మనిషన్నాక మర్చిపోడా?" అన్నారు అత్తగారు, విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని. ఆవిడ కన్న కొడుకు మరి.

ఆ నల్ల తీగ విప్పేశారు. షెడ్డుకి కొత్త లైను వేశారు. నేను ఇప్పుడు ఉత్త పాదాలతో, మబ్బులో కూడా, తిమ్మిరి లేకుండా వాయిస్తాను. వార్షికోత్సవంలో నాలుగు పాటలూ కూర్చునే వాయించాను. ఉత్త చెక్క కాబట్టి నా ఒంటి గుండా కరెంటు నేలలోకి పోకుండా ఆపిన పెళ్లిపీట అటక మీదే ఉంది, అయినా కథలో మాత్రం అదే నన్ను బాగుచేస్తూ ఉంటుంది. పీట కథ అందరికీ అనుకూలం. అందులో నా పొగరుంది, పెద్దావిడ వయసుంది, దేవుడున్నాడు. నల్ల తీగ ఒక్కటే లేదు.

మర్చిపోవడమంటే నాకు తెలుసు. నేనూ మర్చిపోతాను, పొయ్యి మీద పాలు, స్కూటరు తాళం. మర్చిపోయినవాడు మర్చిపోయిన మనిషిలాగే మసులుతాడు. అందుకే ఇప్పటికీ ఒక ప్రశ్న నా నాలుక చివర ఉంది. మరిది ఎదురుపడ్డప్పుడల్లా అడగబోతాను, అతను "ఏంటండి వదినగారూ" అంటాడు, అత్తగారు నా వైపు చూస్తారు, మింగేస్తాను. ఇక్కడ అడుగుతున్నాను, చదివి జవాబు చెప్పు:

మర్చిపోయినవాడివి, ఆ ఎండాకాలమంతా కుళాయి వదిలేసి ప్లాస్టిక్ డ్రమ్ము దగ్గర కాళ్లెందుకు కడుక్కున్నావు?