పెద్దనాయిన జీపు, ఇంజనామె పానా

నా చిన్నప్పుడు మా ఊరికి మొదటి జీపు తెచ్చినవాడు మా పెద్దనాయిన. అది కొత్తదేం కాదు, ఎవరో వాడి వదిలించుకున్న డీజిల్ బండి. దాన్ని యాదగిరిగుట్టకు తోలుకుపోయి పూజ చేయించుకొచ్చిన నాటి నుంచి ఆయన కాళ్లు నేల మీద నిలవలేదు. చెప్పులతో ఎక్కనిచ్చేవాడు కాదు. బానెట్ మీద చెయ్యేస్తే కసురుకునేవాడు. అది తెరిస్తే లోపల ఏముంటుందో మాత్రం ఆయనకు ఓనమాలు తెలియవు. స్టీరింగు పట్టుకోవడం వస్తే బండి మొత్తం వచ్చేసినట్టే అనుకునే రకం.

నాకు పదకొండేళ్లప్పుడు, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, పురిటికి వచ్చిన మా అక్కకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసి, వెంటనే నల్లగొండ దవాఖానకు తీసుకుపొమ్మంది. అక్కను జీపు వెనక పడుకోబెట్టారు. పెద్దనాయిన సెల్ఫు కొట్టాడు. ఇంజన్ గిర్రున తిరిగింది గానీ అందుకోలేదు. మళ్లీ కొట్టాడు. తిరుగుతుంది, అందుకోదు. ముందురోజు సాయంత్రం బావమరిదికి గొప్ప చూపించడానికి ఊరి చుట్టూ తిప్పితే, ట్యాంకు ఎండిపోయి బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఎడ్లు కట్టి ఇంటికి గుంజుకొచ్చిన మహానుభావుడాయన. పొద్దున డబ్బాతో డీజిల్ పోసి, ఇక పని అయిపోయిందనుకున్నాడు.

అప్పుడు మొదలైంది మగవాళ్ల పంచాయితీ. దిష్టి తగిలిందని ఒకడు, అమావాస్య దగ్గర పడిందని ఇంకొకడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, గుమ్మడికాయ కోసం మనిషిని తోలారు. లోపల ప్రాణం మీదికొచ్చి మా అక్క మూలుగుతుంటే బయట వీళ్లకు గుమ్మడికాయ బూడిదదా మామూలుదా అని చర్చ. వీళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది. మా బాపు కూడా అన్నకు ఎదురు చెప్పలేక తువ్వాల పిసుక్కుంటూ నిలబడ్డాడు.

సెల్ఫు చప్పుడు నీరసపడుతుండగా వచ్చింది ఇంజనామె. ఊరవతలి వాడ మనిషి. మా బావి దగ్గర నీళ్లు తోడే డీజిల్ ఇంజన్ నడిపేది ఆమే కాబట్టి ఊరంతా అలాగే పిలిచేది. ట్యాంకు ఎండిపోయాక డీజిల్ పోస్తే పైపుల్లో గాలి చేరి ఉంటుందని, ఆ గాలి తీయకుంటే ఎంత తిప్పినా అందుకోదని ఆమె మెల్లగా చెప్పింది. పెద్దనాయిన నవ్వాడు. బావి ఇంజనూ జీపూ ఒకటేనా అన్నాడు. గుట్ట మీద పూజ చేసిన బండి, ముట్టుకోవద్దు, దూరం జరగమన్నాడు.

లోపల్నుంచి మా అక్క గొంతు వచ్చింది. "పెద్దనాయినా, నీ బండి మైలపడితె రేపు కడుక్కో. నన్నైతె సంపకు."

ఇంజనామె ఇంకెవరినీ అడగలేదు. నడుముకు దోపుకున్న పానా తీసి, బానెట్ ఎత్తి, డీజిల్ ఫిల్టర్ మీది బోల్టు వదులు చేసింది. పక్కనున్న చిన్న చేతిపంపు కొడుతుంటే ముందు బుడబుడమని నురుగు వచ్చింది, కాసేపటికి బుడగల్లేని డీజిల్ వచ్చింది. బోల్టు బిగించి, బ్యాటరీ దిగిపోయింది కాబట్టి నూకమంది. పదిమంది నూకితే, ఇరవై అడుగులు పోకముందే జీపు అందుకుంది.

అక్క బతికింది, పుట్టిన ఆడపిల్లా బతికింది. మరునాడు పెద్దనాయిన బానెట్‌ను పసుపునీళ్లతో కడిగించాడు. బండి కదిలింది నిమ్మకాయల మహిమతోనే అని ఊరంతా చెప్పుకున్నాడు. థూ! ఆయన పోయి ఏళ్లయినా ఆ మాట మీద నా మంట ఆరలేదు.

అయితే నిజం ఒకటి చెప్పాలి. గాలి సంగతి నాకూ తెలుసు. సెలవుల్లో బావి దగ్గర ఆమె పక్కన కూర్చుని అలాంటి బోల్టు ఎన్నిసార్లు విప్పి బిగించానో. ఆ మధ్యాహ్నం అరగంట సేపు జీపు పక్కనే నిలబడి, పెద్దనాయిన తిడతాడని నోరు మూసుకున్నాను. కొన్నాళ్లకు సిగ్గుపడుతూ ఆ సంగతి ఆమెకే చెప్పుకున్నాను. తిడతారని నీకు భయం కాలేదా అని అడిగాను.

"తిడితె తిట్టనీ బిడ్డా, తిట్లకు పానం పోతదా? లోపల పిల్ల సస్తాంది గద," అంది.

నలుగురు చేరి తెలియని పని మీద గొంతులు పెంచితే ఇప్పటికీ నేను మధ్యలో దూరి తెలిసింది చెప్పేస్తాను. నోటి దురుసు ముసలిదని మా ఇంట్లో నాకు పేరు. ఉండనీ. పెద్దనాయినను అసహ్యించుకోవడం సులువే. ఆయనకు తెలియదు. తెలిసీ ఊరుకున్నదాన్ని నేను.