నాలుగు వేళ్ల సందు

పోయిన శుక్రవారం పొద్దున శివనగర్‌లో నీళ్ల క్యాన్లు దింపుతుంటే హోటల్ ఆయన చెప్పాడు. "నీకు తెల్వదా? కమాన్ల చాచా పోయిండు. నిన్ననే మట్టి కూడ అయిపాయె." చేతిలో ఉన్న క్యాన్ కింద పెట్టి అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. ఉన్న ఊళ్లోనే ఉండి, ఆయన కొట్టుకు రెండు గల్లీల దూరంలో రోజూ తిరుగుతూ, మట్టికి కూడా అందని మనిషిని నేను. ఎందుకు అందలేదో ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు నిమ్మళం లేదు.

అండర్ బ్రిడ్జి అవతల పికప్ బండ్లకు వెనక బరువు ఆపే ఉక్కు కమాన్ పట్టీలు సరిచేసే కొట్టు ఆయనది. నాకేమీ చుట్టం కాదు. మేం చర్చికి పోతాం, ఆయన మసీదుకు. కానీ నా బండి నడుము సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు. నాది క్యాన్ల బండి కదా, పొద్దున నిండుగా బయల్దేరి మధ్యాహ్నానికి ఖాళీ అవుతుంది. నిండుగా ఉంటే వెనక కూలబడి ముక్కు పైకి లేచేది. గట్టి పట్టీలు వేయిస్తే ఖాళీ బండి గుంత గుంతకూ నన్ను ఎగరేసేది. ఈ గోడు వినీ వినీ చాచా నవ్వాడు. "మెత్తగ ఉండాలె, వంగద్దు. రెండూ కావాల్నా నవాబ్ సాబ్‌కు?" అని, ఇరుసుకూ పైన ఛాసిస్‌కూ నడుమ అటొకటి ఇటొకటి రబ్బరు బెలూన్లు బిగించాడు. లోడు ఉంటే గాలి పెంచాలి, లేకపోతే తగ్గించాలి. అంతే.

అంతే అన్నాను గానీ చాచా దగ్గర ఏ పనీ అంతటితో అయ్యేది కాదు. పాత షేవింగ్ బ్రష్షు సబ్బునీళ్లలో ముంచి, బండి కింద దూరి, పైపుల అతుకులన్నిటికీ నురుగు పూసేవాడు. బుడగ వస్తే గాలి పోతున్నట్టు. తన గడ్డం మాత్రం బొడ్డుదాకా ఉండేది. "నేను గీసుకోకుంటె ఏమాయె, నీ బండికి గీస్తున్న సూడు" అనేవాడు. మీటరు ఉన్నా ఆయనకు వేళ్ల మీదే నమ్మకం. లోడు ఎక్కాక బెలూన్ పక్కనుంచి చెయ్యి దూర్చి, ఇరుసుకూ పైన ఛాసిస్‌కు ఉన్న రబ్బరు దిమ్మకూ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి. మూడే పడితే బండి కదలనిచ్చేవాడు కాదు. రెండు బెలూన్లకూ ఒకేసారి గాలి ఎక్కేటట్టు ఒకే పైపు పెట్టమని అడిగితే నన్ను తిట్టినంత పని చేశాడు. "మలుపుల బరువు ఇటు ఒరిగిందనుకో, ఇటు గాలి అటు ఉరుకుతది. ఇంక ఒరుగుతది. ఎవ్వని గాలి వానికే ఉండాలె బేటా."

ఎక్కువ లోడు వేసుకోవడానికి బెలూన్లు పెట్టమని వచ్చేవాళ్లను వాకిట్లోంచే తిప్పి పంపేవాడు. "గాలి బరువు మొయ్యది. మోసేది ఇరుసు, టైరు. గాలి నడుము నిలబెడ్తది, గంతే. ఎక్కువ కావాల్నంటె లారీ కొనుక్కోపో." ఆ మాట నేను పదిసార్లు విన్నాను. విని ఏం లాభం?

పోయిన ఏడాది మా చిన్నమ్మ బిడ్డ పెళ్లి డోర్నకల్‌లో. నేనే తీసుకుపోతానని చుట్టాలకు గొప్పగా చెప్పాను. మా బండ్ల వాళ్లకు కాటా మీద తూకం అక్కర్లేదు, వెనక ఎంత కూలబడిందో చూసి లోడు ఆపేస్తాం. ఆరోజు పొద్దున బెలూన్లలో నిండా గాలి కొట్టాను. జనం ఎక్కుతున్నారు, వంట గిన్నెలు ఎక్కుతున్నాయి, బండి మాత్రం బల్లపరుపుగా నిలబడి ఉంది. "ఇంకో నలుగురు పడతరు, ఎక్కుండ్రి!" అని అరిచింది నేనే. వేళ్లు పెట్టి చూసిన మాట నిజమే, నాలుగూ పట్టాయి. టైర్లవైపు మాత్రం చూడలేదు.

మరిపెడ దాటాక వెనక టైరు పేలింది. బండి పొలంలోకి దిగి పక్కకు ఒరిగింది. దేవుని దయ, ప్రాణాలు దక్కాయి. అందరికీ దెబ్బలు తగిలాయి. మా అమ్మకు కుడి మణికట్టు విరిగింది.

ఎవరు చెప్పారో, సాయంత్రానికి చాచా అక్కడికి వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని టైరు తడిమి చూసి, "ఎంతమంది?" అన్నాడు. "పదిహేను మంది చాచా" అన్నాను. దవాఖాన నుంచి కట్టుతో వచ్చి అక్కడే కూర్చున్న మా అమ్మ, "అబద్ధం చెప్తాండు భాయ్, ముప్పై మందిమి" అంది.

ఆయన నన్ను తిట్టినా బాగుండేది. అమ్మ వైపు తిరిగి, "బెలూన్లు లేకుంటె బండి అక్కడ్నే కూలబడుతుండె, ఎక్కించుడు వీడే ఆపుతుండె. నీ చెయ్యి నేనే ఇరగ్గొట్టినట్టు అమ్మా" అన్నాడు. తర్వాత బండి కింద దూరి రెండు బెలూన్లూ విప్పి చంకలో పెట్టుకున్నాడు. "అవి నావి చాచా!" అన్నాను, సిగ్గు లేకుండా. "నీయే. నా దగ్గరుంటయి."

ఆ రోజునుంచి నేను అండర్ బ్రిడ్జి దారి మానేశాను. మొదట కోపంతో, తర్వాత మొహం చెల్లక. ఆయన మాత్రం ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు కాగానే ఖర్జూరాలు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాడట, నేను లోడు మీద ఉండే వేళకు. "చెయ్యి మూసి తెరువమ్మా" అని చూసి పోయేవాడట. చెయ్యి అతుక్కుంది గానీ ఆయన మనసు అతుక్కోలేదని అమ్మకు అర్థమైంది. "తప్పు నీది కాదని నేనెంత చెప్పినా ఇంటలేడు. చేసినోనివి నువ్వు చెప్పాలె. పోయి ఒక్క మాట చెప్పిరా రా" అని నా వెంట పడింది. రేపు పోతానన్నాను. అట్లా రేపు రేపంటూ ఏడాది గడిచింది.

హోటల్ మెట్టు మీదనుంచి లేచి నేరుగా వాళ్లింటికి పోయాను. చాచీ ఇద్దత్‌లో ఉంది, భర్త పోయినామె పరాయి మగవాళ్ల ఎదుట పడని రోజులవి, పరదా వెనకనుంచే మాట్లాడింది. "క్యాన్ల పిల్లగానివా? ఉండు బేటా, నీయి ఉన్నయి." వాళ్ల బిడ్డ పేపర్లో చుట్టిన మూట తెచ్చి ఇచ్చింది. రెండు బెలూన్లు. లోపలినుంచి చాచీ చెప్పింది. "ప్రతి జుమ్మాకు గోడకున్న మొల మీదనుంచి దించుతుండె. గాలి కొట్టి, నురుగు పెట్టి చూసి, పౌడర్ రాసి మళ్ల తగిలిస్తుండె. రబ్బర్ పగిలితె ఎట్ల, వాడొచ్చేసరికి ఖరాబ్ కావద్దు అంటుండె. మొన్నటి జుమ్మాకు లేవలేక నాతోని పౌడర్ రాయించిండు."

"చాచా తప్పేం లేదు చాచీ. అంత నాదే" అన్నాను.

పరదా అవతలనుంచి చాచీ మెల్లగా అంది. "గీ మాట ఆయనకు చెప్పకపోతివి బేటా."

మర్నాడు బెలూన్లు బిగించుకున్నాను, ఎవ్వని గాలి వానికే. క్యాన్లు పది తక్కువే ఎక్కించి, మొదట నాలుగు టైర్లూ చూసి, అప్పుడు బండి కింద దూరి బెలూన్ పక్కనుంచి ఇరుసు మీద చెయ్యి పెట్టాను. నాలుగు వేళ్లూ పట్టాయి. చెయ్యి బయటికి తీస్తే వేళ్ల నిండా తెల్లటి పౌడర్. కడుక్కోకుండానే స్టీరింగ్ పట్టుకుని, అండర్ బ్రిడ్జి దారిలో పోయాను.