ఎడమ అంచున బంటు

పెళ్లయి హోసూరు వచ్చిన ఏడాదికి మామగారు నాకు చదరంగం నేర్పారు. అప్పటికి పంతొమ్మిదివందల అరవైలు మొదలై రెండు మూడేళ్లయి ఉంటుంది. ఆయన వడ్రంగి. తోడుగా ఆడే ఆయన అన్న కృష్ణగిరిలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాక, తాను చెక్కిన కాయలు ముందేసుకుని ఒంటరిగా కూర్చునేవారు. మా ఆయన బస్సు కండక్టరు. మధ్యాహ్నం ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

మొదట్లో నా చూపంతా పెద్ద కాయల మీదే. ఒకరోజు నేను ఆయన ఏనుగును కొట్టి సంబరపడుతుంటే, ఆయన ఒక బంటును గడి ముందుకు జరిపారు.

"దీన్ని చూసినావా అమ్మా?"

"బంటే కదా మామా."

"దీనికి ఎదురుగా నీ బంటు లేదు. అటు వరసలోనూ లేదు, ఇటూ లేదు. ఇంక దీన్ని ఆపాలంటే నీ పెద్ద కాయే రావాల. అది ఈడ కాపలా కూర్చుంటే ఆడ కొట్లాడేది ఎవురు?"

నేను కాపలా పెట్టలేదు. నాలుగెత్తుల్లో ఆ బంటు చివరి గడి చేరి మంత్రి అయింది.

"ఇట్లాంటిదాన్ని దారి దొరికినప్పుడే పట్టుకోవాల. దగ్గరికొచ్చినాక ఏం చేస్తావు?" అన్నారు.

ఆ ఎండాకాలం నాకూ అలాంటి బంటు దొరికింది. నాకు కుడి అంచున, ఆయనకు ఎడమ అంచున. ఆయన వెంటనే ఏనుగును అడ్డం పెడతారనుకున్నాను. పెట్టలేదు. ఊపిరి బిగబట్టి ఒక్కొక్క గడీ తోశాను. చివరి గడిలో మంత్రిని పెట్టేసరికి ఉలిక్కిపడ్డారు.

"ఇది యాడనుంచి వచ్చె?"

"ఇంతసేపూ ఈడనే ఉండె మామా."

నేనేదో మోసం చేసినట్టు చూశారు. నాకు మనసు చివుక్కుమంది.

మరునాడూ, ఆ మరునాడూ అంతే. రెండో అంచున నా బంటు కదిలితే వెంటనే ఆపేసేవారు. ఆ ఎడమ అంచున మాత్రం ఎంతదూరం వచ్చినా పట్టించుకోలేదు. నేను అటే తోయడం నేర్చుకున్నాను. సాయంత్రం మా ఆయనతో గొప్పగా చెప్పుకుంటే ఆయన నవ్వాడు.

నాలుగోరోజు సంగటి పెట్టాను. మామగారు కుడివైపు సగం తిని, "కూర యాడమ్మా?" అన్నారు. కూర పళ్లెంలోనే ఎడమవైపు ఉంది. పళ్లెం తిప్పాను. "ఇప్పుడు ఏసినావా?" అంటూ తిన్నారు. లేచి వెళుతూ, తన చేత్తో చేసిన గుమ్మానికే ఎడమ భుజం కొట్టుకున్నారు. అక్కడ గుమ్మం ఎవరు పెట్టారన్నట్టు దాన్ని తడుముతూ నిలబడ్డారు.

ఆటలోనూ ఆయనకు ఆ పక్క కనబడలేదని అప్పుడు తెలిసింది. అయినా ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పలేదు. చెబితే నా గెలుపులు గెలుపులు కాకుండా పోతాయి. సిగ్గుచేటే, కానీ నిజం. చెప్పడానికి ఇంకో రెండురోజులు పట్టింది.

మా ఆయన ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరు మామగారి కళ్లముందు వేలు అటూ ఇటూ ఆడించి చూశాడు. మెదడులో ఒకపక్క రక్తం ఆగిందనీ, ఇది చిన్నదేననీ, పెద్దది రావచ్చనీ చెప్పాడు. మాత్రలిచ్చి, ఉప్పు తగ్గించమన్నాడు. పెద్దది వానలు పడకముందే వచ్చింది. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆ తర్వాత పదకొండు నెలలు మంచం మీద బతికారు.

కర్మలన్నీ అయినాక ఒకరోజు మా ఆయన అడిగాడు. "నాయనకు బాగలేదని నువ్వు ఎప్పుడు కనిపెట్టినావు?"

"నీకు చెప్పిన పొద్దే" అన్నాను.

ఆయన తలూపి డ్యూటీకి వెళ్లిపోయాడు.