రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య

జడ్జిగారిని ఇనప పెట్టెలో బంధించి, ఆయన ఒళ్లంతా చెమటలు పట్టించి, ఆ చెమటతోనే తీర్పు రాయించుకున్న మొనగాడు ఈ భూమండలం మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన కోర్టు భవనంలో లిఫ్టు నడిపే బాబాయి. నమ్మబుద్ధి కాకపోతే కోర్టు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర అడగండి. ఇంతకంటే తక్కువ చెప్పేవాడు అక్కడ దొరకడు. ఒకరి లెక్క ప్రకారం జడ్జిగారు ఆకలికి ఆగలేక కేసు కట్ట అంచులు నమిలేశారు. ఇంకొకరి లెక్క ప్రకారం బాబాయి లిఫ్టు తీగను పళ్లతో కొరికి పట్టుకుని, "తీర్పు ఇస్తారా, వదిలెయ్యమంటారా" అని అడిగాడు.

ఇక బాబాయిని చూశారా, దోమ వాలినా సరే, ఇది ఎవరి తాలూకో కనుక్కోకుండా కొట్టే రకం కాదు. చేరిన రోజు ఇచ్చిన బూడిద రంగు చొక్కానే ఉతికి ఉతికి తొడుగుతాడు. లిఫ్టులో ఆయనకో స్టూలు ఉంది. దాని ఎదురుగా బటన్ల పలక. బటన్లు అటు ఉన్నాయి గనక ఆయన ముఖం అటు, వీపు జనానికి. అలా కూర్చునే ఆయన జుట్టు నెరిసింది. భవనంలో ఆయన వీపు తెలియనివాడు లేడు, ముఖం తెలిసినవాడు అరుదు.

వీపుకి చెవులుంటాయని ఎవరికీ తోచదు. వరండాలో గుసగుసలాడే ప్లీడర్లు లిఫ్టు తలుపు మూసుకోగానే గొంతు విప్పుతారు. ఎవరు ఎవరికి ఎంత పంపారు, ఏ కేసు ఏ అటక ఎక్కింది, అన్నీ ఆ పెట్టెలోనే తేలిపోతాయి. బాబాయి బటన్లు చూస్తూ ఉంటాడు. మనుషుల్ని గొంతుతో, బూట్ల చప్పుడుతో, వాసనతో గుర్తుపట్టడం అలవాటైపోయింది.

ఆ వాసనల్లో ఒకటి అత్తరు బాబుది. ఆ మనిషికి ఫలానా ఉద్యోగమని లేదు. ఎవరి పని జడ్జిగారి దగ్గర ఇరుక్కుంటే వాళ్ల తరఫున వస్తాడు. ఇరుక్కోకపోతే ఇరికించడానికి వస్తాడు. ఆయన దిగిపోయాక ఇంకా ముగ్గురు ఎక్కి దిగినా ఆ వాసన మాత్రం దిగదు.

బాబాయికి లోకంలో ఉన్నది ఒక్క అక్క. ఆవిడ ఒక ఇరుకు వీధిలో చిన్న కొట్టు అద్దెకు తీసుకుని బడి పిల్లల యూనిఫారాలు కుట్టేది. కొట్టు యజమానికి ఉన్నట్టుండి ఆ చోటు మీద మోజు పుట్టింది. ఆవిడ అసలు అద్దెకే లేదని, తాళం పగలగొట్టి చొరబడిందని కేసు వేశాడు. తీర్పు వచ్చేదాకా ఎవరూ అడుగుపెట్టకూడదని కోర్టువాళ్లు వచ్చి షట్టరు దించి సీలు వేసి పోయారు. మిషను లోపలే. కత్తెర లోపలే. సగం కుట్టిన చొక్కాలూ నిక్కర్లూ లోపలే.

వాదనలు అయిపోయాయి. తీర్పు తర్వాత చెబుతామన్నారు జడ్జిగారు. ఆ "తర్వాత" ఇంకా నడుచుకుంటూనే వస్తోంది. లోపల ఉన్న నిక్కర్ల తాలూకు పిల్లలు పొడుగైపోయారు. ఒకడికి మీసాలొచ్చాయి. వాడి తల్లి మాత్రం వీధిలో ఎదురైనప్పుడల్లా, "మావాడి నిక్కరు ఎప్పుడిస్తావమ్మా" అని అడుగుతూనే ఉంది. అక్క పొద్దున్నే లేచి, వెళ్లడానికి ఇంకో చోటు లేక, ఆ షట్టరు ముందు మెట్టు మీదే కూర్చుని చేత్తో గుండీలు కుట్టేది.

ఒక మధ్యాహ్నం లిఫ్టులో జడ్జిగారూ అత్తరు బాబూ తప్ప ఎవరూ లేరు. వీపు వెనక నుంచి మాట వినబడింది.

"ఆ కుట్టుమిషనామె సంగతి ఏం చేద్దామండీ?"

"ఏం చెయ్యక్కర్లేదు. అలా పడుండనీ. విసిగి తనే వదిలేస్తుంది."

బాబాయి వేలు బటను మీద బిగుసుకుపోయింది. వెనక్కి తిరగలేదు. తిరిగి ఏం చేస్తాడు? నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. విప్పకపోతే కొట్టు పోతుంది. ఆ పూటంతా లిఫ్టు పైకి పోతున్నా ఆయనకు కిందికి పోతున్నట్టే ఉంది.

సాయంత్రం అక్క పక్కన మెట్టు మీద కూర్చుని చెప్పాడు. అక్క దారం కొరికి అడిగింది.

"విన్నావు సరే. చూశావా?"

"బటన్లు చూశాను."

"రేపు ఎవరైనా సాక్ష్యం అడిగితే బటన్ల పేర్లు చెబుతావా తమ్ముడూ?"

"ఏం చెయ్యమంటావు మరి?"

"వాళ్లు నోటితో మాట్లాడుకుంటున్నారు కదా. మనం కాగితంతో మాట్లాడదాం. సమాచార హక్కని ఉందంటగా, అడిగితే చెప్పి తీరాలంట. నువ్వు కొట్టడం లేదు, తిట్టడం లేదు. అడుగుతున్నావు. అడిగితే ఉరెయ్యరు."

ఉరెయ్యరన్న మాట బాబాయికి పెద్ద ధైర్యమేమీ ఇవ్వలేదు గానీ, రాశాడు. వాదనలు ఏ రోజు ముగిశాయి, ఎన్నాళ్లలో తీర్పు చెప్పాలి, ఎప్పుడు చెబుతారు. రాశాక చూస్తే కాగితం సగం ఖాళీ. డబ్బు పెట్టి కొన్న కాగితం ఖాళీగా ఇవ్వడం ఆయన వల్ల కాలేదు. కింద ఇంకో ప్రశ్న చేర్చాడు: లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోతోంది, ప్రమాద గంట మోగడం లేదు, బాగుచేయించాల్సినవారు ఎవరు?

జవాబు వచ్చింది. మొదటి ప్రశ్నలకు "న్యాయ వ్యవహారం, సమాచారం ఇవ్వడం కుదరదు". ఆఖరి ప్రశ్నకు "లిఫ్టు, గంట సక్రమంగా పనిచేయుచున్నవి". ఆ కవరు బాబాయి ఎక్కడ చించి చదివాడనుకున్నారు? రెండుకీ మూడుకీ మధ్య ఆగిన లిఫ్టులో, టార్చి లైటు వేసుకుని.

అప్పీలుకు వెళ్లొచ్చని జవాబు అడుగున ఉంది. ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా ఉంది. ఆ పేరు చూసి బాబాయి కాగితం పట్టుకుని ఆఫీసు సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లాడు.

"సార్, నేను అడిగిందే ఈయన గురించి. మళ్లీ ఈయనకే అప్పీలా?"

"రూలు అంతే బాబాయ్. ఈ భవనానికి పెద్ద ఆయనే. ఇంకెవరికి పెడతావు, ఆకాశానికా?"

"పెట్టేవాణ్ణే సార్. లిఫ్టు అక్కడిదాకా పోదు."

సూపరింటెండెంటు నవ్వి, అప్పీలు తీసుకుని ముద్ర కొట్టాడు. విచారణ మూడో అంతస్తులో జడ్జిగారి గదిలో. అంటే ఏమన్నమాట? తన అప్పీలు వినబోయే మనిషిని బాబాయి తన చేత్తోనే పైకి చేర్చి, స్టూలు దిగి, వరండాలో నడిచి వెళ్లి, ఆయన ముందే నిలబడాలి. ఆ రోజు కోసం చొక్కాకి ఇస్త్రీ చేసుకున్నాడు.

జడ్జిగారు ఎక్కారు. వెనకాలే అత్తరు వాసన ఎక్కింది.

"ఎవడో సమాచార హక్కువాడట ఇవాళ. చిటికెలో కొట్టేసి వస్తాను, భోజనానికి పోదాం," అన్నారు జడ్జిగారు.

"పనీపాటా లేనివాళ్లండీ," అన్నాడు అత్తరు బాబు.

లిఫ్టు ఒక్కసారి ఎక్కిళ్లు పెట్టి ఆగింది. ఫ్యాను ఆగింది. దీపం మినుకుమినుకుమంటూ ఉండిపోయింది. ఫోన్లకు ఆ గోడల్లో సిగ్నలు దొరకదు. బాబాయి గంట బటను నొక్కాడు.

"గంట కొట్టవయ్యా," అన్నారు జడ్జిగారు.

"కొట్టాను సార్. మోగదు."

"మోగకపోతే రాసివ్వొద్దూ? ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు?"

"రాసిచ్చాను సార్. బాగానే మోగుతోందని జవాబొచ్చింది."

"ఏ బుర్ర తక్కువవాడు ఇచ్చాడా జవాబు?"

"ఆఫీసువాళ్లే సార్. దాని మీదే ఇవాళ మీ దగ్గర అప్పీలుంది."

ఆ మాటకి లిఫ్టులో మిగిలిన గాలి కూడా అయిపోయింది. బాబాయి స్టూలు వెనక్కి తిప్పాడు. ఆ వీపుకి అటువైపు ఒక ముఖం ఉందని జడ్జిగారికి అప్పుడే తెలిసింది.

"నువ్వా?"

"నేనే సార్. ఆ కుట్టుమిషనామె మా అక్క."

అత్తరు బాబు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఓరి బాబాయ్. ఇన్నాళ్లూ నీ వీపు దగ్గర ఎన్ని మాట్లాడామయ్యా."

"అన్నీ మాట్లాడారు బాబూ."

"ఇప్పుడేం కావాలి నీకు?" అన్నారు జడ్జిగారు. కోపంగా అందామనుకున్నారు గానీ ఊపిరి చాలలేదు.

"తేదీ సార్. తీర్పు ఏ రోజో చెబితే చాలు. ఏ తీర్పని నేను అడగడం లేదు."

జడ్జిగారు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నారు. బాబాయి మూసి ఉన్న తలుపు వంక చూస్తూ ఉండిపోయాడు. అక్క ఎదురుగా పొద్దస్తమానం ఉండేది కూడా ఇలాంటిదే, మూసిన ఇనప తలుపు. ఆవిడ అటువైపు, తాను ఇటువైపు, అంతే తేడా. ఇక్కణ్ణుంచి బయటపడ్డాక తన గతి ఏమిటో తలుచుకుంటే, ఇంకాసేపు ఇరుక్కున్నా బాగుండుననిపించింది.

చివరికి వాళ్లు తలుపు మీద గుద్దిన చప్పుడు మెట్లమీద పోయేవాళ్లెవరికో వినబడింది. అగ్నిమాపకం వాళ్లు వచ్చి పైనుంచి తలుపు వంచారు. మూడో అంతస్తు నేల తలల పైన కనిపించింది. ఒక్కొక్కరూ మోకాళ్ల మీద పాకి బయటికి రావాలి. పైన వంగి ఉన్న పెద్దాయన చేతిలో అట్ట, పెన్ను.

"ఒక్కొక్కరే పేరు, పని చెప్పండి. రాసుకోకుండా ఎవర్నీ పైకి లాగం. మా పద్ధతి అది."

జడ్జిగారిని ముందు లాగారు. ఆయన సగం పైన, సగం లోపల ఉండగానే అత్తరు బాబు ఆత్రం ఆపుకోలేకపోయాడు. తనకంటే ముందు ఆ బూడిద చొక్కావాణ్ణి లాగుతారేమోనని భయం.

"తర్వాత నేను. జడ్జిగారి మనిషిని."

"మనిషంటే? ఇక్కడ ఉద్యోగమా?"

"ఉద్యోగమేంటయ్యా, అంతకంటే ఎక్కువ. కుట్టు కొట్టు కేసులో యజమాని తరఫున ఈయనతో పని మాట్లాడటానికి వచ్చాను. భోజనానికి పోతున్నాం. అదంతా రాసుకో, ముందు నన్ను లాగు."

జడ్జిగారు అరవబోయారు. కడుపు నేలకు అదిమి ఉండటంతో గొంతు పెగల్లేదు. పెద్దాయన ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నాడు. లిఫ్టు నడిపేవాడు ఆఖర్న దిగాలి గనక బాబాయి ఆఖర్న దిగాడు.

మోకాళ్ల దుమ్మైనా దులుపుకోకుండా ఆ సాయంత్రమే జడ్జిగారు అప్పీలు కొట్టేశారు. లిఫ్టు మాత్రం సక్రమంగా పనిచేస్తోందని మరోసారి రాయించారు.

ఈసారి బాబాయి అగ్నిమాపక కార్యాలయానికి దరఖాస్తు పెట్టాడు. అక్కడ అప్పీళ్లు వినేది ఈ జడ్జిగారు కాదు. వాళ్లకు దాచడానికేం లేదు. తమ పనితనం మీద ఎవరికో ముచ్చట కలిగిందనుకుని, ఆ రోజు నివేదిక నకలు ముద్రతో సహా సంబరంగా పంపారు. అందులో జడ్జిగారి పేరు, దాని పక్కనే అత్తరు బాబు తన నోటితోనే చెప్పిన హోదా, వచ్చిన పని, ఆ పక్కన లిఫ్టు ఆపరేటరు. అక్క ఆ నకలు జతచేసి పై కోర్టుకు ఫిర్యాదు పంపింది.

పై కోర్టు "పరిశీలనలో ఉంది" అంది. పరిశీలన ఎంతదాకా వచ్చిందని బాబాయి అడిగాడు. అదీ పరిశీలనలోనే ఉందన్నారు. ఒకరోజు జడ్జిగారు కారణం చెప్పకుండా అక్క కేసు నుంచి తప్పుకున్నారు. ఆయన గది, ఆయన కుర్చీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కేసు మాత్రం ఇంకో జడ్జి దగ్గరికి పోయింది. వాదనలన్నీ మళ్లీ మొదట్నుంచీ.

"మళ్లీ మొదటికా?" అంది అక్క. సూదిలో దారం ఎక్కించుకుంది.

కొత్త జడ్జి ఒక్క పని చేశాడు. కుట్టడానికిచ్చినవాళ్ల బట్టలు తీసుకోవడానికి ఒక పూట షట్టరు తెరవమన్నాడు. కోర్టు ఉత్తర్వులు అమలుచేసే అమీను వచ్చి సీలు తీశాడు. తుప్పు పట్టిన షట్టరును బాబాయి భుజం పెట్టి ఎత్తాడు. అమీను నిక్కర్లు లెక్కపెట్టుకుంటుంటే అక్క మిషను దగ్గరికి వెళ్లి, చక్రం తిప్పి చూసి, నూనె వేసింది. మిషను తీసుకెళ్లడానికి వీల్లేదన్నాడు అమీను. తెలుసంది. సాయంత్రానికి షట్టరు మళ్లీ దిగింది. మీసాలవాడి తల్లి నిక్కరు పుచ్చుకుని, తేరిపార చూసి, "కాస్త పొట్టిగా కుట్టావమ్మా" అంది.

కోర్టు భవనంలో కొత్త లిఫ్టు పెట్టారు. అందులో ఎవరి బటను వాళ్లే నొక్కుకోవాలి, స్టూలుకు చోటు లేదు. బాబాయిని నేలమాళిగలో పాత కాగితాల గదికి వేశారు. కిటికీ లేదు. తలుపు దానంతటదే మూసుకుంటుంది, లోపలివైపు పిడి లేదు. దాని మీదా దరఖాస్తు పెట్టాడు. పిడి ఉన్నదని జవాబొచ్చింది.

టీ కొట్టు దగ్గర ఇప్పటికీ ఆ కథ వారం వారం పెరుగుతోంది. జడ్జిగారు ఏడ్చారట, కాళ్లు పట్టుకున్నారట, లిఫ్టు గోడ మీదే తీర్పు రాసి సంతకం పెట్టారట. ఒకరోజు ఆ మాటలు జరుగుతుండగా బాబాయి అక్కడికే టీకి వచ్చాడు. అందరూ జరిగి ఆయనకు చోటిచ్చి, చెప్పు బాబాయ్, ఆయన్ని ఎలా బంధించావో నీ నోటితోనే చెప్పు అన్నారు. ఆయన గ్లాసులో ఉన్న టీ చివరిదాకా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"నేనెవర్నీ బంధించలేదు. లిఫ్టు ఆగిపోయింది. ఆగుతుందని ముందే రాసిచ్చాను. తీర్పు ఇంకా రాలేదు."