ప్రభువంటే దొర

నిన్న చిట్యాల దగ్గర రోడ్డు పక్కన ఆముదం కాయలు ఎండబోశారు. ఆ వాసన తగిలినప్పటి నుంచి మనసు మనసులో లేదు. మా ఈడు వాళ్లకు గుర్తుందా, బైబిలమ్మలు ఊరూరా తిరిగి సువార్త చెప్పేటప్పుడు విప్పి చూపించే బొమ్మల చుట్ట? మా అమ్మ బైబిలమ్మే. ఎనిమిదేళ్ల నేను ఆ చుట్ట మోసేదాన్ని.

ఒకరోజు ఆముదం కాయలు కొడుతున్న ఒక అవ్వ ముందు అమ్మ చుట్ట విప్పి, "ఈయన మన ప్రభువు" అంది.

"పర్బువంటే ఎవరు బిడ్డా?"

తెలివి చూపించాలని నేనే ముందు అరిచాను. "దొర, అవ్వా!"

ఆమె చేతిలో కర్ర ఆగింది. "ఉన్న దొరకు వెట్టి జేసుడుకే నడుము ఇరిగింది. ఇంకో దొర ఎందుకు బిడ్డా?"

అమ్మ నన్ను తిట్టలేదు. చుట్ట చుట్టేసి, ఆమె పక్కన కూర్చుని తనూ కాయలు కొట్టింది. కొడుతూనే, "గీ దొర వెట్టి జేపియ్యడవ్వా. తన ఎంబడి ఉన్నోళ్ల కాళ్లు తనే కడిగిండు" అంది.

అవ్వ తన పగిలిన పాదాలను గబుక్కున చీర కిందికి లాక్కుంది.

నమ్మిందా, సిగ్గుపడిందా? ఇప్పటికీ ప్రార్థనలో "ప్రభువా" అనగానే ఆ పాదాలే కళ్లముందుకొస్తాయి.