అయస్కాంతం కుర్చీలో ఆరు వారాలు

నాకు నోరు ఎక్కువ. ఈ మాట ఊళ్ళో వాళ్ళు అనకముందే నేనే ఒప్పేసుకుంటాను. పలాసలో జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరే బల్ల దగ్గర ఇరవై ఏళ్ళు కూర్చున్నాను. గుండు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి, ముక్క ఒక పక్కకి వేళ్ళు వాటంతటవే ఏరుతుంటే, నోటితో పక్కవాళ్ళ సంసారాలు చక్కబెట్టేదాన్ని.

ఆ నోటికి ఇంకో ఉద్యోగం కూడా ఉండేది. మా ఊళ్ళో ఏ ఇంట్లో శుభకార్యమైనా వంటల దగ్గరికి నాకు కబురు వచ్చేది. గరిటెతో నా అరచేతిలో కాస్త పులుసు పోసి, "సూడోలమ్మా, ఉప్పు సరిపోనాదా?" అని అడిగేవారు. నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఇంకో పిడికెడు" అంటే మారుమాట లేకుండా వేసేవారు. గర్వంగానే ఉండేది. ఎందుకు దాచాలి?

అలాంటి నాకు ఏదైనా అనిపించడమే మానేసింది. బాధ అని కూడా చెప్పలేను. బాధ అయితే ఏడ్చేదాన్ని, ఏడిస్తే నలుగురికీ తెలిసేది. ఒకరోజు బల్ల మీద పోసిన పప్పు కేసి చూస్తే అన్నీ ఒక్కలాగే కనిపించాయి. మధ్యాహ్నం దాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఇంటికి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు.

మా ఉద్దానంలో మనిషి నీరసంగా ఉంటే ఎవరూ రెండో ఆలోచన చెయ్యరు. కిడ్నీయే అంటారు. అనడంలో తప్పు లేదు. ఆ జబ్బు రాని ఇల్లు మా వీధిలో వెతుక్కోవాలి. మా బావ వాళ్ళ అన్నయ్య దానితోనే పోయాడు. బావ అంటే నా మొగుడే. మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటి పిలుపే ఇప్పటికీ ఉండిపోయింది. నేను మంచం దిగకపోయేసరికి అతను ఆటో ఎక్కించి పలాస తీసుకెళ్ళి రక్తం తీయించాడు.

రిపోర్టు బాగుంది. బావకి పట్టరాని సంతోషం. వస్తూ వస్తూ జిలేబీలు కొని వీధంతా పంచాడు. "క్రియాటిన్ బాగున్నాది! ఇంకేటి రోగం?" అన్నాడు. రెండు నెలలకి మళ్ళీ తీయించాడు. తర్వాత టెక్కలిలో ఇంకోసారి. ప్రతిసారీ బాగుంది. ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి అదృష్టవంతురాలివి అని చెప్పి వెళ్ళేవారు. వాళ్ళు గడప దాటగానే నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. మా ఊళ్ళో రిపోర్టు బాగున్న మనిషికి పడుకోవడానికి ఏ సాకూ మిగలదు.

ఆ రోజుల్లోనే బావ వంట నేర్చుకున్నాడు. అంతకుముందు టీ కాచుకోవడం కూడా రాని మనిషి. ఏం వండేవాడో నాకు తెలీదు. కంచం పెట్టేవాడు, తినేదాన్ని. పక్కనే కూర్చుని తనూ తినేవాడు.

నాకున్నది మనసుకు సంబంధించిన జబ్బని చివరికి టెక్కలిలో ఒక డాక్టరమ్మ కనిపెట్టింది. దీనికీ మందులున్నాయంది. ఒక రకం మాత్రలు వాడాం, మోతాదు పెంచాం, మార్చాం, ఇంకోటి కలిపాం. ఏడాది దాటిపోయింది. నిద్ర కొంచెం పట్టింది తప్ప నేను మాత్రం అక్కడే ఉన్నాను. కొందరికి మందులు లొంగవని చెప్పి, ఆవిడే చీటీ రాసి విశాఖపట్నం పంపింది.

అక్కడి డాక్టరు కుర్రవాడు, నిదానస్తుడు. అన్నీ అడిగి చివర్లో, "ఆఖరిసారి ఏ కూర మీకు రుచిగా అనిపించింది?" అన్నాడు.

చాలాసేపు ఆలోచించాను. గుర్తు రాలేదు. నాకు బదులు బావే అందుకున్నాడు.

"ఏటి పెట్టినా తింటాదండి. ఒక్క వంకా పెట్టదు," అన్నాడు, నా గురించి మంచిమాట చెబుతున్నట్టు.

"అదేనండీ జబ్బు," అన్నాడు డాక్టరు.

తర్వాత వివరంగా చెప్పాడు. మెదడులో ముందువైపు, ఎడమ పక్కన, మనసు బాగోగులు చూసే చోటు ఒకటి మందగించిందట. తల మీద అయస్కాంతం పెట్టి, ఆగి ఆగి దెబ్బలు కొడుతూ దాన్ని లేపుతారట. షాకు కాదు, మత్తు ఇవ్వరు, మెలకువగానే కూర్చోవాలి. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు.

"ఈవిడికి పన్జేత్తాదా బాబూ?" అన్నాడు బావ.

"అందరికీ చెయ్యదండి. కొందరికి బాగా చేస్తుంది, కొందరికి సగం. చూద్దాం."

ఆ మాటకి నాకు భయం వేసింది. ఇది కూడా పనిచెయ్యకపోతే ఇంక చెయ్యడానికి ఏమీ ఉండదు. బావ పెడుతూ ఉంటాడు, నేను తింటూ ఉంటాను, ఇద్దరిలో ఎవరో ఒకరు పోయేదాకా ఇంతే.

ఆసుపత్రి దగ్గర ఒక గది అద్దెకి తీసుకున్నాం. బావ పొయ్యి, గిన్నెలు, తోటలో కొబ్బరికాయలు, ఆఖరికి మంచినీళ్ళ క్యాను కూడా మోసుకొచ్చాడు. విశాఖపట్నంలో నీళ్ళు దొరకవనుకున్నాడు కాబోలు. శుక్రవారం సాయంత్రం రైలెక్కి పలాస, మళ్ళీ సోమవారం వెనక్కి.

మొదటిరోజు కమ్మలు, ముక్కుపుడక, జడపిన్నులు అన్నీ తీయించారు. బావ వాటిని రుమాలులో మూటగట్టి, జేబులో పెట్టుకుని, ఆ జేబు మీద చెయ్యి వేసుకుని బయట కూర్చున్నాడు. మిషన్ దగ్గరుండే అమ్మాయి నా తల మీద సరైన చోటు వెతకాలంది. అయస్కాంతం ఒకచోట పెట్టి కొట్టినప్పుడు కుడిచేతి బొటనవేలు దానంతటది ఎగిరితే, అక్కణ్ణుంచి కొలత తీసుకుంటారట. ఆ పిల్ల చాలాసేపు అవస్థ పడుతోంది. నాకు జాలేసింది. ఇరవై ఏళ్ళు పప్పు ఏరిన బొటనవేలు కదా, నేనే కొంచెం ఎగరేశాను.

"మేడం, మీరు కదిపారు కదా?" అంది.

"సాయం సేసేనమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ తర్వాత వేలు నిజంగానే ఎగిరింది, నన్ను అడక్కుండా. నా చెయ్యే నాకు పరాయిదైనట్టు వింతగా ఉంది.

చెవుల్లో దూదిలాంటివి పెట్టినా టకటకమనే చప్పుడు గట్టిగానే వినిపించేది. కాసేపు కొట్టి ఆగడం, మళ్ళీ కొట్టడం. అచ్చం మా ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కోసే మిషన్ చప్పుడే. ఇంతదూరం వచ్చి వినేది ఇదా అనుకున్నాను. నెత్తి మీద వడ్రంగిపిట్ట పొడిచినట్టుండేది. మొదటి వారం తలనొప్పి వచ్చింది, తర్వాత అలవాటైపోయింది.

రెండు వారాలు ఏమీ జరగలేదు. బయటికి రాగానే బావ నా మొహంలోకి చూసేవాడు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. రుమాలు విప్పి నా వస్తువులు నాకిచ్చేవాడు. మూడో వారం చివర రైల్లో ఎవడో ఫోనులో గట్టిగా అరుస్తుంటే చిరాకేసింది. ఆ చిరాకు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ దాకా ఆలోచించాను. బావకి చెప్పలేదు. చెబితే జిలేబీలు కొనేస్తాడు.

నాలుగో వారం ఆదివారం ఇంటి దగ్గరున్నాం. జీడితోటలు కాపు మీదున్న రోజులు. బావ పొద్దున్నే తోటకెళ్ళి లేత పిక్కలు కోసుకొచ్చి, చేతులకి జీడి అంటుకుని చర్మం పొక్కుతున్నా వలిచి, వంకాయతో కూర వండాడు. ఒకప్పుడు ఆ కూర కోసం ఏడాదంతా ఎదురుచూసేదాన్ని. ఇద్దరం తినడానికి కూర్చున్నాం.

ఒక ముద్ద తిన్నాను. ఆగాను. ఇంకో ముద్ద తిన్నాను.

"బావా, ఇందులో ఉప్పేదీ?"

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఏటన్నావు?"

"ఉప్పు! కూరలో ఉప్పు నేదు." పప్పు నాకి చూశాను, చారు చూశాను. ఎందులోనూ లేదు. అప్పుడు వచ్చింది నాకు కోపం, అరికాలి నుంచి. "ఇంత మంచి జీడిపప్పు తెచ్చి ఇలాగ సేత్తావా? కుడితి నయం! ఇది ఎవుడు తింటాడు?"

బావ నవ్వుతున్నాడు. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి ఎంగిలిదని తుడుచుకోవడం లేదు.

"నువ్వే తిన్నావే. రెండేళ్ళయిపోనాది మనింట్లో ఉప్పేసి," అన్నాడు.

ఎందుకో అతనే చెప్పాడు. "అన్నకీ ముందు రిపోర్టు బాగున్నాదనే సెప్పేరు. ఆడు ఉప్పు మాననేదు. నిన్నూ అలాగే పోగొట్టుకుంటానేమోనని వండిన మొదటి రోజునుంచే మానిపించీసేను. నువ్వు అడుగుతావనుకున్నాను. అడగనేదు."

"మరి నువ్వు? నీకేటయింది?"

"ఒక్క పొయ్యి మీద రెండు కూరలేటి వండుతాను?"

రెండేళ్ళు. రోజూ నా పక్కన కూర్చుని ఆ చప్పిడి కూడు తిన్నాడు. ఉప్పేదీ అని నేను ఎప్పుడు అడుగుతానా అని ఎదురుచూస్తూ తిన్నాడు. ఇంకా రెండు వారాల కుర్చీ మిగిలే ఉంది. ఈ రోజుకీ ఒక మాత్ర వేసుకుంటున్నాను. ఫ్యాక్టరీలో నా బల్ల దగ్గరికి నేను మళ్ళీ చేరడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. కానీ నాకు నయమైంది ఎప్పుడు అని ఎవరడిగినా, ఆ ఆదివారం మధ్యాహ్నమే అని చెబుతాను.

బావ స్టూలు వేసుకుని అటక మీంచి ఉప్పు డబ్బా దించాడు. లోపల ఉప్పు గడ్డకట్టి ఉంది. రోకలితో పొడిచి, కూరలో వేసి, కలిపాడు. గరిటెతో తీసి నా అరచేతిలో కొంచెం పెట్టి, "సూడోలమ్మా, సరిపోనాదా?" అన్నాడు.

"ముందు నువ్వు తిను బావా," అన్నాను.

తిన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత నేను తిన్నాను. ఉప్పు ఎక్కువైంది. ఇద్దరం మళ్ళీ వడ్డించుకున్నాం.