మూడో బొమ్మ

అల్మాటి నగరంలో బళ్లు తిరగని నడక వీధిలో కుల్యాష్ ఇరవై రెండేళ్లుగా ఐదేసి నిమిషాల్లో మనుషుల బొమ్మలు గీసి ఇస్తోంది. రబ్బరు ముట్టదు. గీత తప్పితే పక్కనే ఇంకో గీత. పొద్దున్నే బోణీకి ముందు చెయ్యి కుదరడానికి, పక్కన ఉన్ని టోపీలు అమ్మే సెయిల్బెక్ ముఖం గీసి, మూలన టైము వేస్తుంది. అలాంటివి ఇంట్లో పెట్టెడున్నాయి.

ఆ రోజు కాగితం మీద పెదవి ఎడమ కొస కిందికి జారింది. తన చెయ్యే తప్పిందనుకుంది కుల్యాష్. యాభై తొమ్మిదో ఏటే వాళ్లమ్మ చేతులకు వణుకు పట్టుకుంది. తనకిప్పుడు సరిగ్గా యాభై తొమ్మిది. తన ఐదు వేళ్లు నోట్లోకి వెళ్లేది ఈ చేతి చలవే. ఇంకో కాగితం తీసింది. మళ్లీ జారింది. మూడోసారి ఆయన వైపు చూడకుండా అలవాటు మీద గీసేసింది. పెదవి తిన్నగా వచ్చింది.

హమ్మయ్య అనుకుంది. ఎంత తెలివితక్కువ ఊరట!

"ఇవాళైనా నా ముక్కు తగ్గించావా?" అన్నాడు సెయిల్బెక్, బొమ్మ అందుకుంటూ.

"దాన్ని తగ్గించడం నా పెన్సిలు వల్ల కాదన్నా."

ఆయన నవ్వాడు. సగం ముఖమే నవ్వింది. తాగుతున్న పాల టీ ఎడమ వైపు నుంచి గడ్డం మీదికి కారింది. ఆయనకు తెలియనే లేదు.

తప్పింది తన చెయ్యి కాదు. వంకరపోయింది ఆయన మూతే.

"అన్నా, రెండు చేతులూ పైకెత్తు."

"ఎందుకే, దోచుకుంటావా?" అంటూ ఎత్తాడు. ఎడమది లేవలేదు. ఆమె పెట్టిన కేకకు వీధంతా పరిగెత్తుకొచ్చింది.

"పక్షవాతం ఎప్పుడు మొదలైంది? సరిగ్గా చెప్పండి, మందు దాన్ని బట్టే," అంది ఆసుపత్రిలో డాక్టరు.

‘ఇప్పుడే’ అని దాటేసే మాట కుల్యాష్ నాలుక చివరిదాకా వచ్చింది. అయినా మొదటి కాగితం తీసి ఇచ్చింది. మూలన తొమ్మిదీ పది. మూడో దాని మీద తొమ్మిదీ ఇరవై ఐదు. మధ్యలో పదిహేను నిమిషాలు పోగొట్టింది తనే.

మూడు నెలలకు సెయిల్బెక్ చేతికర్రతో వచ్చి కూర్చున్నాడు. మూతి కాస్త వంకరగానే ఉండిపోయింది.

"తిన్నగా గీసెయ్యవే. ఎవడొచ్చి కొలుస్తాడు?"

"కదలకుండా కూర్చో అన్నా."

వంకరను వంకరగానే గీసింది. ఇప్పటికీ రోజూ ఆ ఒక్క గీత దగ్గర ఆమెకు చెమటలు పడతాయి. నిన్నటి బొమ్మ పక్కన పెట్టుకుని, అంతకంటే జారలేదని చూసుకున్నాకే బోణీకి కూర్చుంటుంది.